రక్షకుడు అడగని ప్రశ్నలు

మన ప్రభుత్వంలో 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే పదవి ఒకటుంది. తెలుగు చేస్తే వలసదారుల రక్షకుడు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం ఈ రక్షకుడి అనుమతి లేకుండా పౌరులెవరూ ఉపాధి కోసం దేశం దాటకూడదు. చట్టం ఈ మాట అందరికీ చెప్పినా, ఆచరణలో ఆ అనుమతి అవసరమయ్యేది ప్రధానంగా పదో తరగతి పాస్ కానివాళ్లకే. అది కూడా కువైట్, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, మలేసియా వంటి 18 దేశాలకు పనికోసం వెళ్లేటప్పుడు. వీళ్ల పాస్‌పోర్టును 'ఈసీఆర్' పాస్‌పోర్టు అంటారు. వలస వెళ్లేముందు తనిఖీ అవసరమైన మనిషి అని దానర్థం.

ఆడవాళ్లకు ఈ తనిఖీలో ఇంకో తనిఖీ ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ఆమె ప్రైవేటు ఏజెంట్ల ద్వారా వెళ్లకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ పేరు ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈ నిబంధనలన్నీ ఆమె మంచికోసమేనని ప్రభుత్వం చెబుతుంది. ఆ మాటను కొట్టిపారేయలేం. గల్ఫ్ ఇళ్లలో మన ఆడవాళ్లు పడిన బాధలు కల్పితం కాదు. అందుకే ప్రశ్న కష్టమైనది. ఒక మనిషిని కాపాడే బాధ్యత, ఆ మనిషిని ఆపే అధికారాన్ని కూడా ఇస్తుందా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. తెలంగాణలో గల్ఫ్ కథ అంటే చాలావరకు వెళ్లిన మగవాడిదీ, ఎదురుచూసే భార్యదీ. గోదావరి జిల్లాల్లోనూ కడపలోనూ వెళ్లేది చాలాసార్లు ఆడదే. భర్త ఊళ్లో ఉంటాడు, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు, ఆమె కువైట్‌లోనో మస్కట్‌లోనో వేరేవాళ్ల పిల్లల్ని ఎత్తుకుని ఉంటుంది. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. ఎందుకు వెళ్తున్నారని అడిగితే అప్పు అంటారు, ఆడపిల్ల పెళ్లి అంటారు, ఇల్లు అంటారు. వాటి వెనక నేల మారిన కథ కూడా ఉంది. వరిచేలు చేపల చెరువులయ్యాక ఊడ్పులూ కోతలూ పోయాయి. చెరువుకు కాపలా మనిషి కావాలి, మేత వేసే మనిషి కావాలి. వరసకట్టి నాట్లు వేసే ఇరవైమంది ఆడవాళ్లు అక్కర్లేదు. రొయ్యల షెడ్లలో తలలు తీసే పని కొందరికి దొరికింది, అదీ సీజను ఉన్నన్నాళ్లే.

కొల్లేరులో రక్షణ అనే మాటకు ఇంకో చరిత్ర ఉంది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సును ఆక్రమించినవాళ్లలో బయటి పెట్టుబడిదారులు ఉన్నారన్నది నిజం, సరస్సును కాపాడాల్సి ఉందన్నదీ నిజం. కానీ రక్షణ అమలైన రోజున ముందుగా పని పోగొట్టుకున్నది ఆ గట్ల మీద కూలి చేసుకునేవాళ్లు. అభయం ఎవరికి, భయం ఎవరికి అన్నది అమలులో తేలుతుందని లంకల ఆడవాళ్లకు అప్పుడే తెలుసు.

కొన్నేళ్లుగా గల్ఫ్ వెళ్లొచ్చిన స్త్రీల మౌఖిక కథనాలు వింటున్నాను. వాళ్లందరి కథల్లోనూ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరి ఘట్టం వస్తుంది. ఆ కౌంటరులో కూర్చునేది రక్షకుడు కాదు. రక్షకుడు విదేశాంగ శాఖ కింద పనిచేస్తాడు. కౌంటరులోని అధికారి హోంశాఖ కిందున్న బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ మనిషి. పాస్‌పోర్టు, వీసా చూడటం, ప్రశ్నలు వేయటం, అనుమానం వస్తే పక్కన కూర్చోబెట్టటం, విమానం ఎక్కనివ్వకపోవటం ఆయన చేతిలో పని. ఎక్కనివ్వకపోవటాన్ని 'ఆఫ్‌లోడ్' చేయటం అంటారు. సరుకు దించేటప్పుడు వాడే మాట.

తాడేపల్లిగూడెం దగ్గరి ఒక ఊరావిడ తొలిసారి వెళ్లేనాటికి ఆమెకు 27 ఏళ్లు. రక్షకుడి అనుమతి దొరకదు కాబట్టి ఏజెంటు విజిట్ వీసా తెచ్చాడు. చెప్పాల్సిన జవాబులు ముందే నేర్పాడు. "మా పిన్ని కూతురు అక్కడుందని, చుట్టపుచూపుగా ఎల్తన్నానని చెప్పమన్నాడండి. ఎవరి పిన్నో, ఏ కూతురో! ఆ పేరు మర్చిపోతానేమోనని రైల్లో రాత్రంతా వల్లెవేసుకున్నానండి" అంది. అధికారి అడిగినవి ఆమెకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. మీ ఆయన ఏం చేస్తాడు? ఆయనకు తెలిసే వెళ్తున్నావా? పిల్లల్ని ఎవరు చూస్తారు? ఒక్కదానివే ఎందుకు వెళ్తున్నావు? ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ చట్టంలో లేదు. నాలుగూ మన ఇళ్లలోంచి, మన వీధుల్లోంచి వచ్చినవి.

నేను 28వ ఏట ఒక సదస్సుకు మలేసియా వెళ్లాను. అదీ ఆ 18 దేశాల్లో ఒకటే. ఒక్కదాన్నే వెళ్లాను. కౌంటరు దగ్గర రెండు నిమిషాలు పట్టింది. "కాన్ఫరెన్సా మేడమ్?" అని అడిగి ముద్ర వేశారు. నా భర్త ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు, అసలు భర్త ఉన్నాడా అని కూడా అడగలేదు. మా ఇద్దరి మధ్య తేడా వయసుది కాదు, ధైర్యానిది కాదు. బడికి పంపగలిగిన ఇల్లు నాకుంది, ఆమెకు లేదు. ఆమెను బడి మాన్పించిన సమాజమే, బడి మానేసింది కాబట్టి ఆమె నిర్ణయాన్ని నమ్మలేమంటోంది. 2018 జనవరిలో విదేశాంగ శాఖ ఈసీఆర్ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేయాలని కూడా అనుకుంది. విమర్శలు వచ్చాక నెల తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. అట్ట రంగు మారలేదు గానీ ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అదలాగే ఉంది.

ఈ ఆలోచన మూలాలు వెతికితే రెండు చోట్లకు చేరతాం. ఒకటి మనకు బాగా తెలిసినదే. స్త్రీని బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, వార్ధక్యంలో కొడుకు రక్షించాలని చెప్పే మనుస్మృతి శ్లోకం రక్షణతో మొదలై, ఆమె స్వాతంత్ర్యానికి అర్హురాలు కాదనటంతో ముగుస్తుంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న ముడిని విప్పటమే మన స్త్రీవాదం చేసిన పనుల్లో ఒకటి. తండ్రీ భర్తా కొడుకూ ఆమెను రక్షించలేకపోయిన చోట, ఆమె సంపాదన మీదే వాళ్లు బతుకుతున్న చోట, రాజ్యం నాలుగో రక్షకుడిగా వచ్చి నిలబడింది.

రెండోది వలసపాలన. రక్షకుడి పదవి 1983లో పుట్టింది కాదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మన కూలీలను ఒప్పందాల మీద ఓడల్లో పంపిన 19వ శతాబ్దంలో, ఆ రేవుల్లో పుట్టింది. మద్రాసు రేవునుంచి నాటాల్‌కూ ఫిజీకీ వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లున్నారు. కోరంగి రేవునుంచి బర్మా వెళ్లినవాళ్లకు అక్కడ ఆ రేవు పేరే జాతి పేరయింది. రక్షకుడు కూలీని పిలిచి, ఇష్టపడే వెళ్తున్నావా అని అడిగి సంతకం పెట్టేవాడు. ఆ సంతకంతో ఓడ కదిలేది. అప్పట్లో ప్రతి వందమంది మగ కూలీలకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని నియమం. ఆ లెక్క తేలకపోతే ఓడకు ఇబ్బంది. అప్పుడు ఆడవాళ్లు చాలలేదు కాబట్టి వెతికి ఎక్కించారు. ఇప్పుడు 30 ఏళ్లు చాలలేదు కాబట్టి దించుతున్నారు. రెండుసార్లూ లెక్క రాజ్యానిది, రెండుసార్లూ ఆమె ఇష్టం ఒక అరలో నింపాల్సిన సంగతి.

ఇక్కడ జాన్ స్టువర్ట్ మిల్‌ను తలచుకోవాలి. 1859లో వెలువడిన 'ఆన్ లిబర్టీ'లో ఆయన ఒక వంతెన ఉదాహరణ ఇచ్చాడు. కూలిపోయేట్టున్న వంతెన మీదికి ఒక మనిషి తెలియక వెళ్తుంటే, హెచ్చరించే వ్యవధి లేకపోతే, అధికారి పట్టుకుని ఆపవచ్చు. అది స్వేచ్ఛను హరించటం కాదు, ఎందుకంటే నీళ్లలో పడటం ఆ మనిషి కోరిక కాదు. కానీ ప్రమాదం ఖాయం కాక, సంభావ్యత మాత్రమే అయితే, ఆ మనిషికి పరిస్థితి తెలిశాక, దాటాలా వద్దా అన్నది ఆ మనిషే తేల్చుకోవాలి. హెచ్చరించటం వరకే అధికారి హక్కు.

వినటానికి బాగుంది. కానీ ఈ స్వేచ్ఛ పిల్లలకు వర్తించదని, 'వెనుకబడిన' సమాజాలకూ వర్తించదని మిల్ అదే పుస్తకంలో రాశాడు. 1823 నుంచి 1858 దాకా ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ వెనుకబడిన సమాజాలంటే ఎవరో ఆయనకు తెలుసు. ఆ మినహాయింపు ఇప్పటికీ బతికే ఉంది, కాకపోతే ఇప్పుడు దాన్ని గీసేది మనమే. 'పదో తరగతి తప్పిన, 30 ఏళ్లు నిండని ఆడమనిషి' అన్న వర్గం మిల్ మినహాయించిన పిల్లల పక్కన, వెనుకబడినవాళ్ల పక్కన కూర్చుంటోంది.

కొల్లేటి లంకలో ఒక పెద్దావిడ ఈ వాదనలన్నిటినీ ఒక్క మాటతో ఆపేసింది. ఆమె కూతురు వెళ్లిన రెండో ఏడు పెట్టెలో తిరిగొచ్చింది. గుండెపోటు అని కాగితం వచ్చింది. "ఆరోజు ఆ ఎయిర్‌పోర్టులో ఎవరన్నా ఆపుంటే నా పిల్ల బతికుండేదమ్మా. తిట్టుకునేవాళ్లం. ఏడ్చేవాళ్లం. పిల్ల ఉండేది కదా!" అంది. స్వేచ్ఛ గురించి రాసేవాళ్లం ఈ మాట దాటి వెళ్లకూడదు. ఆ తల్లి కోరింది పితృస్వామ్యం కాదు, బతికున్న కూతుర్ని.

ఆమె చెప్పిన మిగతా సంగతులు కూడా వినాలి. కూతురు వెళ్లింది విజిట్ వీసా మీద. అంటే రక్షకుడి దగ్గర నమోదైన ఒప్పందం లేదు. అనుమతితో వెళ్లేవాళ్లకు తప్పనిసరి అయిన 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా లేదు. ఆ పిల్ల ఏ ఇంట్లో ఉందో, ఎవరు పనిలో పెట్టుకున్నారో మన రాయబార కార్యాలయం దగ్గర ముందస్తు వివరం లేదు. నిషేధం ఆమెను ఆపలేదు. నిషేధం ఆమె చేత అబద్ధం చెప్పించింది, ఆ అబద్ధం నేర్పేందుకు ఏజెంటును అవసరం చేసింది, చివరికి చట్టంలో ఉన్న కాస్త రక్షణ కూడా ఆమెకు అందకుండా చేసింది. దక్షిణాది గృహకార్మికుల వలసను అధ్యయనం చేసిన ప్రవీణా కోడోత్ ఆంక్షలు స్త్రీలను దొంగదారుల వైపు నెట్టే తీరును చూపారు. అక్రమ రవాణా చట్టాల గురించి రాసిన రత్నా కపూర్, స్త్రీని బాధితురాలిగా మాత్రమే చూసే చట్టం చివరికి ఆమె కదలికనే నేరంగా చూస్తుందన్నారు. పెద్దావిడ కన్నీళ్లకు ఇవి జవాబు కావు. కానీ ఆమె కోపం ఎటు తిరగాలో ఇవి చెబుతాయి.

తాడేపల్లిగూడెం ఆవిడ కథలో రెండో సగం కువైట్‌ది. విమానాశ్రయంలో కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీపడ్డ ఇంటాయన, పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఇంటి యజమానిని బాబా అనాలి, యజమానురాలిని మామా అనాలి. ఇంటిపనివాళ్లకు అక్కడ ఆర్టికల్ 20 కింద నివాస అనుమతి, మనవాళ్ల భాషలో అకామా, ఇస్తారు. అది ఆ ఒక్క ఇంటికి కట్టి ఉంటుంది. కొట్టారనో జీతం ఇవ్వలేదనో గడప దాటితే, పారిపోయిందని కఫీల్ ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదుతో ఆమె చట్టవిరుద్ధంగా ఉంటున్న మనిషి అవుతుంది. దొరికితే నిర్బంధం, వేలిముద్రలు, దేశబహిష్కరణ. అంటే ఇమిగ్రేషన్ అధికారి అధికారంలో ఒక ముక్కను రాజ్యం ఒక గృహస్థుడికి ఇచ్చేసింది. ఆ ఇంట్లో రోజూ దాన్ని వాడేది చాలాసార్లు గృహిణి. సరిహద్దు విమానాశ్రయంలో అయిపోలేదు, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది సొంత వ్యవహారం కాదని వాదిస్తూ వచ్చిన మనకు, ఒక స్త్రీ చేతిలో ఇంకో స్త్రీ మీద ఉన్న ఈ అధికారం ఇబ్బంది పెట్టాలి.

కువైట్ 2015లో గృహకార్మికుల చట్టం చేసింది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించకుండా పని, పాస్‌పోర్టు లాక్కోకూడదన్న నియమం అందులో ఉన్నాయి. లాక్కుంటే శిక్ష ఏమిటో చెప్పలేదని, ఇళ్లలో తనిఖీలకు ఏర్పాటు లేదని హ్యూమన్ రైట్స్ వాచ్ అప్పుడే ఎత్తిచూపింది. వేలు చూపేముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. మన దేశంలో ఇంటిపనివాళ్లకంటూ కేంద్ర చట్టం లేకపోవటం గమనించి, దాని సంగతి పరిశీలించే కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పాల్సివచ్చింది. ఏలూరులో నా వంటింట్లో పనిచేసే మనిషికి ఏ ఒప్పందమూ లేదు. ఆమె పరాయి వంటింటికి వెళ్తానంటే మాత్రం రాజ్యానికి ఆమె భద్రత గుర్తొస్తుంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు మాటల మీదికి పోతుంది. యజమానిని వదిలి బయట బతికేవాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. అరబిక్‌లో పోనీలే, వదిలెయ్ అనే అర్థమున్న మాట. నోటితో అలవోకగా అనేసే మాట ఒక మనిషి హోదా అయిపోయింది. అలాంటివాళ్లు జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్లేందుకు కువైట్ 2018లోనూ, 2020లోనూ, 2024లోనూ గడువు ఇచ్చింది. మన పత్రికలు దాన్ని 'క్షమాభిక్ష' అని రాశాయి. జీతం ఎగ్గొట్టింది ఎవరు? పాస్‌పోర్టు దాచింది ఎవరు? క్షమించేదెవరు, భిక్ష పట్టేదెవరు? తెలుగులో ఈ మాట రాసినప్పుడల్లా నేరం ఆమెదేనని మనం ఒప్పుకుంటున్నాం.

అధికారులు మన పిల్లల్ని అవమానిస్తే కోపగించటం మనకు రాదా అంటే వచ్చు. 2011లో అమెరికాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడినప్పుడు, విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారని తెలుగునాట అగ్గిపుట్టింది. వాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. మన ప్రభుత్వం అధికారికంగా నిరసన తెలిపింది. 2019లో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లే ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఒక బూటకపు విద్యాసంస్థ పెట్టి, చేరినవాళ్లను అరెస్టు చేసినప్పుడూ అంతే. ఆ కోపం న్యాయమైనదే. విచారణ లేకుండా, విన్నపం వినకుండా మనిషిని బంధించకూడదన్న నీతి అందులో ఉంది. ఆ నీతి ఇంజనీరు కొడుకుతో ఆగిపోకూడదు.

ఆ నీతికి మన న్యాయశాస్త్రంలో పునాది ఒక స్త్రీ పాస్‌పోర్టు మీదే పడింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం కారణం చెప్పకుండా స్వాధీనం చేసుకుంది. ప్రజాప్రయోజనం కోసం కారణం చెప్పం అంది. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, విదేశానికి వెళ్లే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తిస్వేచ్ఛలో భాగమనీ, దాన్ని ఆపే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలనీ చెప్పింది. పద్ధతి అంటే ఫైళ్ల వ్యవహారమని మనం చిన్నచూపు చూస్తాం. ఆ తీర్పు సారం వేరు. కారణం చెప్పటం, ఎదుటి మనిషి చెప్పేది వినటం, మళ్లీ అడిగే దారి ఉంచటం, ఇవే ఎదుటివాళ్లను మనిషిగా గుర్తించటం. రక్షకుడు అనుమతి నిరాకరిస్తే కేంద్రానికి అప్పీలు చేసుకోవచ్చని 1983 చట్టంలోనూ ఉంది. ఆ సంగతి తెలిసిన స్త్రీ ఒక్కరూ నాకు లంకల్లో తారసపడలేదు.

కాబట్టి నా వాదన తనిఖీ ఎత్తేయమని కాదు. తనిఖీ ఎటు తిరిగి ఉందన్నదే నా ప్రశ్న. రక్షణ అనేది రక్షణ పొందే మనిషికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పనవసరం లేని రక్షణ కాపలా అవుతుంది, ఎంత దయతో చేసినా సరే. 1983 చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2021లోనూ 2025లోనూ ముసాయిదాలు వచ్చాయి. వాటిని చదివేటప్పుడు పట్టుకోవాల్సిన కొలత ఇదేననుకుంటాను. అధికారికి ఎన్ని అధికారాలు ఇచ్చారన్నది ఒక లెక్క. ఆ అధికారి ఎవరిని ప్రశ్నిస్తాడు, ఎవరికి జవాబు చెబుతాడు అన్నది రెండో లెక్క.

తాడేపల్లిగూడెం ఆవిడ అన్నమాట ఇది: "ఇక్కడ సవాలక్ష ప్రశ్నలడిగారండి. అక్కడ గదికి తాళం ఏసినప్పుడు ఒక్కరూ అడగలేదు. ఆ అడిగినాయన మళ్లీ ఎక్కడా కనపళ్లేదు."

భర్త గురించీ పిల్లల గురించీ కాకుండా ఆమెను అడగదగ్గవి చాలా ఉన్నాయి. ఒప్పందం నీకు తెలుగులో చదివి వినిపించారా? జీతం ఎంతని రాశారు? ఏజెంటుకు ఎంత కట్టావు, రసీదు ఇచ్చాడా? పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంచావా? రాయబార కార్యాలయం ఫోన్ నంబరు కంఠతా వచ్చా? మూడు నెలల తర్వాత నీకు ఎవరు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగాలి? వీటికి వయసుతో, పదో తరగతితో, భర్త అనుమతితో పనిలేదు. ఇవి అడిగిన అధికారి, ఆమె చెప్పిన జవాబులు విన్నాక, ఆమెకు ఏమైనా అయితే తానూ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇన్నాళ్లూ ఈ ప్రశ్నలు ఎవరూ అడగకపోవటానికి కారణం బహుశా అదే.